గత్తర రాకముందే కాయితాల సంచి సదురుకునుడెట్ల

నాది జిరాక్స్ షాపు, హన్మకొండల ఒక ఆఫీసు గోడకు ఆనుకొని ఉంటది. 2020 ఏప్రిల్ ల లాక్‌డౌన్ నడుస్తుంటే షట్టర్ సగం దించుకొని, పోలీసు జీపు సప్పుడు వస్తదేమో అని ఒక చెవి రోడ్డు దిక్కే పెట్టి కాపీలు తీసిన. ఒకరోజు ఒకామె వచ్చింది, ఆమె భర్తది కిరాయి ఆటో, పదిహేను రోజులసంది ఇంటి ముందటనే నిలబడి ఉన్నది, ఇద్దరు పిల్లలు. రేషన్ కార్డుల మాత్రం పేర్లు రెండే, ఆమెది, ఆయనది. అప్పుడు రాష్ట్ర సర్కారు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇస్తున్నది కదా, నలుగురికి 48 కిలోలు రావాల్సిన కాడ 24 చేతిల పెట్టిన్రు. పిల్లల ఆధార్ కాపీలు రెండు రెండు తియ్యి అన్నది, తీసిన, "ఇప్పుడిస్తే ఎక్కుతయా అన్నా" అని అడిగింది. ఎక్కయి అని నాకు తెలుసు, ఆఫీసుల మనిషే లేడు. పైసలు తీసుకోలే, గంతకంటే ఏం జేస్త.

మా నాయినమ్మ కలరాను గత్తర అనేది, ఊరి మీద పడ్డ ఏ రోగమైనా ఆమెకు గత్తరనే. ఆమె కాలంల గత్తరొస్తే పోచమ్మకు బోనం చేసి, ఊరు ఖాళీ చేసి చెట్ల కిందికి పోయేటోళ్ళట. మనకు గా సౌలత్ లేదు, మన బతుకు మొత్తం కార్డులల్ల, అకౌంట్లల్ల, ఫోన్లల్ల ఉన్నది. అందుకే ఈ రాత. మాస్కు ఎట్ల పెట్టుకోవాలె, చేతులెట్ల కడుక్కోవాలె అనేది అందరికీ తెలుసు గనుక అది రాస్తలేను, మళ్ళ అసొంటిదొకటి వస్తే ఇల్లు నడుసుడెట్ల, దానికి ఇప్పుడు, అంతా మంచిగున్నప్పుడు చేసుకోవాల్సిన పనులేంది, అవి రాస్తున్న.

ముందుగాల ఇది మనసుల పెట్టుకోండ్రి

ఆపదల సర్కారు కొత్త లిస్టు రాయదు, బీరువల ఉన్న లిస్టే బయటికి తీస్తది. ఇల్లిల్లు తిరిగి రాసేంత టైం ఉండదు, తిరిగే మనుషులు రోగం పనిమీద ఉంటరు. కార్డుకు ఇచ్చిన ఆ 1500 రూపాయలు రేషన్ కార్డుల లిస్టు మీదనే పోయినయి, బ్యాంకు అకౌంటు దొరకనోళ్ళకు పోస్టాఫీసుల ఇచ్చిన్రు. కేంద్రం ఏప్రిల్ నుంచి జూన్ దాకా నెలకు 500 ఏసింది, అది జన్ ధన్ అకౌంటు ఉన్న ఆడోళ్ళకు మాత్రమే. పక్కింటామె గూడ గంతే పేదామె, కాకపోతే ఆమెది మామూలు సేవింగ్స్ అకౌంటు, ఒక్క రూపాయి రాలే. ఆ 500 తీసుకోకపోతే వాపస్ పోతయని ఎవరో పుకారు లేపితే ఎర్రటెండల బ్యాంకుల ముందట లైన్లు కట్టిన్రు, దూరం దూరం నిలబడుమని చెప్పిన రోజులల్లనే.

2021 ఏప్రిల్ ల బళ్ళు మళ్ళ బందైతే ప్రైవేటు స్కూలు సార్లకు, టీచరమ్మలకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం అని రాష్ట్రం చెప్పింది. మంచి పనే. కానీ గుర్తింపు ఉన్న బడిల పనిజేస్తున్నట్టు రికార్డు ఉన్నోళ్ళకు, ఇంట్ల ట్యూషన్ చెప్పుకొని బతికే పిల్లకు ఏ రికార్డు ఉంటది? ఇట్ల లిస్టు మీద ఇచ్చుడు తప్పా అంటే, తొందరగ అందాలంటే వేరే తొవ్వ లేదు అని నేను గూడ ఒప్పుకుంట, కానీ లిస్టుల లేనోళ్ళకోసం వారం తర్వాతనన్నా ఒక కిటికీ తెరవాలె, అది మన దగ్గర ఆలస్యంగ తెరుసుకున్నది, కొన్నింటికి తెరుసుకోనేలేదు. కాబట్టి మన పని మనం చేసుకోవాలె.

రేషన్ కార్డు

దీనికి మించింది లేదు. కార్డుల ఎంతమంది ఉన్నరో ఇయ్యాల్నే చూడుండ్రి. పెళ్ళై పోయిన బిడ్డ పేరు ఇంకా ఇక్కడనే ఉంటది, అక్కడ అత్తగారింట్ల ఎక్కదు, ఇక్కడ తీసేస్తెనే అక్కడ ఎక్కుతది, ఈ చిన్న ముచ్చట తెల్వక ఏండ్లు గడిపేటోళ్ళు మస్తుమంది. పిల్లలు పుట్టినప్పుడు బర్త్ సర్టిఫికెట్, ఆధార్ అయితనే మీసేవల దరఖాస్తు పెట్టాలె, రశీదు పారేయొద్దు.

వేలిముద్ర సంగతి ఒకటున్నది. సున్నం పని, సిమెంటు పని, బీడీలు చుట్టుడు, బట్టలు ఉతుకుడు చేసేటోళ్ళ వేళ్ళు అరిగిపోతయి, మిషిన్ తీసుకోదు. కరోనా టైంల కంటిపాపతోని, ఫోనుకు వచ్చే ఓటీపీతోని ఇచ్చిన్రు గానీ ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఇప్పుడు మీ చేతుల ఉన్న నంబరే ఉండాలె. మనోళ్ళు ఆఫర్ వచ్చిందంటే సిమ్ము మారుస్తరు, పాత నంబరు ఎవనికో పోతది. ఆధార్ సెంటర్‌కు పోయి నంబరు కొత్తది చేయించుకోండ్రి, ముసలోళ్ళయి ముందు చేయించుండ్రి.

ఇంకోటి, బతుకుదెరువుకు వేరే ఊరు పోయినోళ్ళు అక్కడి షాపులనే బియ్యం తీసుకోవచ్చు. మన రాష్ట్రం, ఆంధ్రా కలిసి ఈ పద్ధతి 2019 ఆగస్టులనే మొదలుపెట్టినయి, తర్వాత దేశమంతా వచ్చింది. భివండి, సూరత్ మగ్గాల మీద పనిజేసే మనోళ్ళు చానమందికి ఇది తెల్వదు.

పనికి గుర్తింపు

మనం చేసే పనికి ఒక కాయితం ఉండాలె. బండి మీద ఇడ్లీ అమ్మెటోళ్ళు, కూరగాయల గంపోళ్ళు, చెప్పులు కుట్టెటోళ్ళు మున్సిపాలిటీ సర్వేల పేరు ఎక్కించుకొని వీధి వ్యాపారుల కార్డు తీసుకోవాలె. 2020 జూన్ ల పీఎం స్వనిధి అని 10 వేల లోను వచ్చింది చూడుండ్రి, షూరిటీ లేదు, టైంకు కడితే 7 శాతం వడ్డీ వాపస్, అది ఆ కార్డు ఉన్నోళ్ళకు చకచక అయింది. లేనోళ్ళు సిఫారసు లెటర్ కోసం మెప్మా ఆర్పీల (పట్నంల మహిళా సంఘాలను చూసేటోళ్ళ) ఎంట తిరిగిన్రు. ఇప్పుడు మొదటి లోను 15 వేలు చేసిన్రు. 10 వేలు పెద్ద లెక్కనా అంటరు గానీ, రెండు నెల్లు బండి బందై పెట్టుబడి మొత్తం తిన్నోనికి ఆ 10 వేలు మళ్ళ స్టవ్ ముట్టిచ్చేటియి.

మేస్త్రీలు, సెంట్రింగోళ్ళు, పార పట్టెటోళ్ళకు భవన నిర్మాణ కార్మికుల కార్డు. 2020 మార్చిలనే కేంద్రం, బిల్డింగులు కట్టించేటోళ్ళ దగ్గర వసూలు చేసే సెస్సు ఫండు నుంచి కార్మికుల అకౌంట్లల్ల పైసలు ఏయుండ్రని రాష్ట్రాలకు చెప్పింది, కానీ కార్డు రెన్యువల్ లేకపోతే ఉన్నా లేనట్టే. మిగిలినోళ్ళు, ఇండ్లల్ల పనిజేసేటోళ్ళు, హమాలీలు, ఆటోలోళ్ళు, ఈ-శ్రమ్ ల ఎక్కాలె. 2021 ఆగస్టుల మొదలైంది, 16 నుంచి 59 ఏండ్ల దాకా, పీఎఫ్, ఈఎస్ఐ లేనోళ్ళకు. దీంతోని రేపే ఏదో వస్తదని నేను చెప్పను, కానీ ఈ లిస్టుల పేరుండి రేషన్ కార్డు లేనోళ్ళకు కార్డులియ్యాలని తర్వాత సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. లిస్టుల ఉన్నోని తరఫున కోర్టన్నా అడుగుతది, లేనోని ముచ్చట ఎవ్వలెత్తుతరు.

ఊర్లల్ల అయితే ఉపాధి కూలి జాబ్ కార్డు. "మాకెందుకు పార పట్టుడు" అన్న డిగ్రీ పిలగాండ్లు, ప్రైవేటు బడి సార్లు గూడ 2020 ఎండకాలం చెరువు పూడిక తీసిన్రు, అప్పుడు మన దగ్గర రోజుకు 237 రూపాయల రేటు. పథకం పేరు, లెక్కలు మారుతుంటయి గానీ కార్డుల పేరు లేకపోతే అప్పటికప్పుడు పని దొరకదు.

పనికి వచ్చినోళ్ళు మీ దగ్గర ఉంటే

ఇది రైతులకు, ఇటుక బట్టీలోళ్ళకు, జిన్నింగ్ మిల్లులోళ్ళకు. వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు అని రాష్ట్రం చెప్పింది, కానీ లెక్కల దొరికినోళ్ళకే కదా ఇచ్చేది. మిరప ఏరుటానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినోళ్ళు చేన్లల్లనే గుడిసెలు ఏసుకుంటరు, ఎవని చేనుల ఎందరున్నరో అప్పుడున్న వీఆర్వోకు గూడ తెల్వలే. 2020 ఏప్రిల్ ల ములుగు జిల్లా మిరప చేన్ల నుంచి బీజాపూర్ దిక్కు నడుచుకుంట పోయి, 12 ఏండ్ల పిల్ల ఒకతి ఇల్లు ఇంకా కొంచెం దూరముందనంగ పానం ఇడిసింది. మూడు రోజులు నడిసింది. ఆ వార్త చదివిన రోజు నేను షాపు తెరవలే.

చేయాల్సింది చిన్న పని. ఒక నోటుబుక్కు, పేరు, ఊరు, ఆధార్ నంబరు, ఇంటికాడి ఫోను నంబరు, ఇచ్చిన అడ్వాన్సు, చెయ్యాల్సిన బాకీ. వచ్చిన రోజే రాయాలె. ఆ బుక్కు జిరాక్స్ ఒకటి పంచాయతీల ఇయ్యాలె. అట్లుంటే బియ్యం అడిగే హక్కుంటది, రైలుకు పేరు రాయించవచ్చు. వలస కూలీలను ఊర్లకు పంపిన శ్రామిక్ రైళ్ళు 2020 మే 1న లింగంపల్లి నుంచే కదా మొదలైనయి, మొదటిది జార్ఖండ్ ల హటియాకు పోయింది. వారం తిరగంగనే మే 8న బీహార్ నుంచి రైసుమిల్లుల హమాలీలను ఇంకో రైలుల ఇక్కడికి తెచ్చుకున్నరు. పంపేటప్పుడు బరువనిపించినోళ్ళే వడ్లు గుట్టలు పడంగనే కావల్సొచ్చిన్రు, నవ్వాల్నా ఏడ్వాల్నా.

గల్ఫ్‌ల ఉన్నోళ్ళు మన జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు ఇంటికొకరు. వాళ్ళకు ఒకటే చెప్త. జీతం చీటీలు ప్రతి నెల ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చెయ్యాలె, అగ్రిమెంటు కాపీ ఇంట్ల ఒకటి ఉండాలె. కంపెనీ మూతబడి రాత్రికి రాత్రి ఫ్లయిటు ఎక్కిచ్చినప్పుడు నెలల జీతం అక్కడనే ఇడిసిపెట్టి వచ్చినోళ్ళు చేతుల కాయితం లేక ఎవన్నీ అడగలేకపోయిన్రు. సర్టిఫికెట్లు లామినేషన్ చేయించొద్దు, అటెస్టేషన్‌కు పనికిరావు, ఇది చెప్తే నా గిరాకే పోతది అయినా చెప్తున్న.

అప్పు

రోగం నెల రోజులల్ల పోయింది, దాని అప్పు నాలుగేండ్లు ఉన్నది, మా వాడకట్టుల సగం ఇండ్ల కథ ఇదే. సంపాదన బందైన మొదటి వారంలనే కూసొని ఒక కాయితం మీద అప్పులన్నీ రాయండ్రి, ఎవరికెంత, వడ్డీ ఎంత, కుదువ ఏం పెట్టినం. అన్నిటికన్నా పైన రోజు రోజు వసూలు చేసే గిరిగిరి ఫైనాన్సు, దాని తర్వాత నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీ. నూటికి మూడంటే చిన్నగ ఇనబడుతది, 50 వేలకు నెలకు 1500, ఏడాదికి 18 వేలు, అంటే 36 శాతం. బ్యాంకుల బంగారం కుదువబెడితే అందుల మూడోవంతు గూడ కాదు కొన్నిసార్లు. మెడల ఉన్నది తియ్యాలంటే ఆడోళ్ళకు పానం ఒప్పది, నిజమే, కానీ పుస్తెలు ఉంచుకొని నూటికి నాలుగు తెస్తే ఆఖరికి రెండూ పోతయి. మహిళా సంఘంల ఉంటే ముందు అక్కడ అడుగుండ్రి, స్త్రీనిధి లోను ఉన్నది. సంఘంల లేకపోతే ఇప్పుడే చేరుండ్రి, కరువొచ్చినంక ఎవ్వలు చేర్చుకోరు.

మారటోరియం అంటే మాఫీ కాదు. 2020 మార్చి నుంచి మే దాకా, మళ్ళ ఆగస్టు ఆఖరు దాకా రిజర్వు బ్యాంకు ఈఎంఐ ఆపుకోవచ్చు అన్నది. చానమంది సంబరపడి పైసలున్నా ఆపిన్రు. లక్ష మీద 12 శాతం అంటే నెలకు వెయ్యి, ఆరు నెల్లకు దగ్గర దగ్గర ఆరు వేలు మీద పడ్డట్టే. వడ్డీ మీద వడ్డీ మాత్రం వసూలు చెయ్యొద్దని సుప్రీంకోర్టు 2021 మార్చిల చెప్పింది, అసలు వడ్డీ కట్టుడు తప్పలే. కాబట్టి తిండికి పైసలు లేనోళ్ళు తీసుకోండ్రి, ఉన్నోళ్ళు కట్టుకుంట పోండ్రి. తీసుకుంటే బ్యాంకోళ్ళు ఒప్పుకున్నట్టు మెసేజో మెయిలో దాచిపెట్టుండ్రి, మైక్రోఫైనాన్సు పిలగాడు నోటితోని "సరేనమ్మా" అంటే అది సరే గాదు, వచ్చే మంగళారం మళ్ళ గడపలనే ఉంటడు.

పంట చేతికొచ్చే టైంల అయితే

2020 కరోనా సరిగ్గ మిర్చి, యాసంగి వడ్ల మీదనే వచ్చింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ మూసి ఉంటే మిర్చి పెట్టుకోను జాగ లేక కోల్డ్ స్టోరేజీల ముందట బండ్లు ఆగినయి. వడ్ల కాడ సర్కారు ఒక మంచి పని చేసింది, ఊర్ల దగ్గరనే ఐకేపీ (మహిళా సంఘాల), సొసైటీ కేంద్రాలు పెట్టి టోకెన్లిచ్చి కొన్నది, ఏ గ్రేడ్ రకం క్వింటాలుకు 1835. పేచీ గోనె సంచుల కాడ వచ్చింది, బెంగాల్ల జనపనార మిల్లులు బందైతే ఇక్కడ కాంటా ఆగింది, ఆఖరికి రేషన్ షాపుల ఖాళీ సంచులు ఏరుకొచ్చిన్రు. ఎక్కడి మిల్లు, ఎక్కడి వడ్లు!

రైతు చేసుకోవాల్సింది, మొదటి నుంచే టార్పాలిన్లు సొంతంగ ఉంచుకోవాలె, తేమ 17 శాతం దాటకుంట ఆరబెట్టుకోవాలె, కాంటా అయినంక ట్రక్ షీట్ (లారీల ఎన్ని సంచులు, ఎంత బరువు పోయిందో రాసిన చీటీ) ఫోటో తీసుకోవాలె, తరుగు ఎంత తీసిన్రో అక్కడనే రాయించుకోవాలె. కౌలు చేసేటోళ్ళకు అసలు తిప్పలు, పాస్ బుక్కు పట్టాదారుది, పైసలు ఆయన అకౌంటుల పడుతయి, రైతుబంధు గూడ కౌలోళ్ళకు రాలే. అందుకే నాట్లప్పుడే ఆసామితోని ఒక తెల్లకాయితం మీద ఎన్ని ఎకరాలు, కౌలెంత, వడ్ల పైసలు పడంగనే ఎన్ని రోజులల్ల ఇయ్యాలె అని రాయించుకొని ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలె. ఆసామి రాయనంటే వాట్సాప్ ల మాట్లాడిన వాయిస్ అన్నా ఉంచుకోండ్రి.

దవాఖానకు పోతే

2020 జూన్ ల రాష్ట్రం ప్రైవేటు దవాఖానలకు రేట్లు పెట్టింది, మామూలు వార్డు రోజుకు 4000, ఐసీయూ 7500, వెంటిలేటర్ తోని 9000. చూస్తే మంచిగనే ఉన్నది కదా, అందుల పీపీఈ కిట్లు, ఖరీదు మందులు, స్కానింగులు రావు, మొత్తం బిల్లు అక్కడనే పెరిగింది. మా చిన్నమ్మ కొడుకును ఒక దవాఖానల తొమ్మిది రోజులుంచితే బిల్లుల బెడ్డు కంటే గ్లౌజులు, కిట్ల లెక్కనే ఎక్కువ ఉన్నది. పేరు ఎందుకు గానీ, ఐటం వారిగ బిల్లు ఇయ్యమంటే గంట సేపు లోపటికి బయటికి తిరిగి, ఇచ్చేటప్పటికి 22 వేలు తగ్గించి ఇచ్చిన్రు! అడుగకపోతే కట్టి వచ్చేటోళ్ళమే. చేర్పించే ముందే రోజుకెంత, అందుల ఏమేం రావు అని రాయించుకోండ్రి, ఆరోగ్యశ్రీ పనిజేస్తదా అని దవాఖానల ఉండే ఆరోగ్యమిత్రను అడుగుండ్రి, రోజు రోజు బిల్లు అడిగి తీసుకోండ్రి, మందుల చీటీలు పారేయకుండ్రి.

ఇంట్లనే ఉండుమన్నరంటే ఒక్క అర్ర ఉన్న ఇంట్ల ఎట్ల ఉంటరు? నల్గొండ జిల్లాల ఒక పిలగాడు 2021 మే ల చెట్టు మీద మంచె కట్టుకొని 11 రోజులు ఉన్నడు. ఊర్ల ఉన్న స్కూలు బిల్డింగు తాళం ఎవని దగ్గర ఉన్నదో, లైట్లు, బాత్రూంల నీళ్ళు ఉన్నయో లేవో పంచాయతోళ్ళు ఏడాదికొకసారి చూసిపెట్టుకుంటే ఆ పిలగాడు చెట్టెక్కే అవసరం రాదు.

చావు జరిగితే

రాయబుద్ధి అయితలేదు గానీ ఎక్కువమంది ఇక్కడనే ఆగమైన్రు. కరోనాతోని పోయినోళ్ళ ఇంటికి 50 వేలు ఇయ్యాలని కోర్టు ఎంటపడితే 2021 సెప్టెంబర్ ల రూల్సు వచ్చినయి, టెస్టు పాజిటివ్ అయిన 30 రోజుల లోపల పోతే, ఇంట్ల పోయినా సరే, లెక్కల వచ్చేది, మీసేవల దరఖాస్తు పెడితే జిల్లా కమిటీ చూసేది. నా షాపుకు ఆ కాయితాలు పట్టుకొని వచ్చినోళ్ళల్ల టెస్టు చీటీ దొరకనోళ్ళు చానమంది, బ్యాగులల్ల, మందు కవర్లల్ల దేవులాడుకుంట కూసునేది. ఇంకొందరికి పేరు పంచాయితీ. కొమురయ్య అనే పేరునే తీసుకోండ్రి, ఆధార్ ల కొమురయ్య, దవాఖాన చీటిల కొంరయ్య, బ్యాంకుల కొమరయ్య, మనకు మనిషి ఒక్కడే, కంప్యూటర్‌కు ముగ్గురు. ఒక అవ్వ ఈ మూడింటిని ఒక్కటి చేయించుటానికి ఆరుసార్లు తిరిగింది, ఒక్కోసారి బస్సు కిరాయి, ఒకపూట కూలి. ఇప్పుడే ఇంట్ల అందరి కార్డులు వరుసగ పరిచి పేర్లు, పుట్టిన తేదీలు కలుస్తున్నయా చూసుకోండ్రి, మంచిగున్నప్పుడు ఒక్క తిరుగుడుతోని అయిపోతది.

చావు 21 రోజుల లోపల రాయిస్తే ఖర్చు లేదు, ఊర్ల పంచాయతీ సెక్రటరీ, పట్నంల మున్సిపాలిటీ. దవాఖానల పోతే దేనితోని పోయిన్రో రాసిన కాయితం అడిగి తెచ్చుకోవాలె. బ్యాంకు అకౌంటుకు, ఎల్ఐసీకి, పీఎఫ్‌కు నామినీ పేరు ఎవరిదున్నదో చూడుండ్రి, పెళ్ళికి ముందు తీసిన అకౌంటుల ఇంకా అమ్మ పేరే ఉంటది, ఆమె పోయి పదేండ్లైనా.

వాడకట్టు

2020ల ఊర్ల పొలిమేరల కాడ తుమ్మకంప కొట్టి రోడ్డుకు అడ్డం ఏసిన్రు, డప్పు సాటింపు ఏసి కొత్తోళ్ళు రావొద్దన్నరు. భయానికి చేసిన్రు, నేను తప్పుబట్ట, కానీ ఆ కంప అవుతల పురిటి నొప్పుల మనిషి ఉంటే బండి ఎట్ల పోతది? కంప ఏసేముందు అంబులెన్సు తొవ్వ, పాల బండి తొవ్వ ఇడువాలె. కరోనా వచ్చిన ఇల్లు ఇదని పేరు పెట్టి చెప్పుడు ఆపాలె, అట్ల చెప్పినందుకే జ్వరమొచ్చినోళ్ళు దాసుకున్నరు, ఆశా వర్కర్ అడిగితే లేదన్నరు. వాడకట్టుకు ఇద్దరు మనుషులు, ఒక నోటుబుక్కు చాలు, ఒంటరి ముసలోళ్ళు, షుగరు, డయాలసిస్ ఉన్నోళ్ళు, నెలలు నిండినోళ్ళు, కార్డు లేనోళ్ళు. ఈ ఆఖరిది మర్చిపోవద్దు, గ్రామసభ జరిగినప్పుడు ఆ పేర్లు తీర్మానంల రాయించాలె, అప్పుడది సర్కారు బీరువలకు పోతది.

ఇగ సంచి. మందపు ప్లాస్టిక్ జిప్పు కవరు, 40 రూపాయలకు దొరుకుతది. అసలు కాయితాలు ఒక దాంట్ల, మూడు మూడు కాపీలు ఇంకో దాంట్ల, అన్నిటి ఫోటోలు ఇంట్ల ఇద్దరి ఫోన్లల్ల. అటుక మీద పెట్టకుండ్రి, ఎలుకలు కొడుతయి. మా అమ్మ దొంగలకు దొరకొద్దని బియ్యం డ్రమ్ముల అడుగున పెట్టింది, పురుగు పట్టకుంట ఏసిన గోలీ కరిగి నా టెన్త్ మెమో మీద పసుపుపచ్చ మరక పడ్డది, నంబరుల రెండంకెలు ఇప్పటికీ కనబడయి.